సూర్యోదయం ఫోటోకి చలి లెక్క

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే చాలు, మన హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రకం ఫోటోలు తిరగడం మొదలవుతుంది. కింద తెల్లటి మబ్బుల సముద్రం, అందులోంచి దీవుల్లా తేలిన కొండలు, వెనక నారింజ రంగు సూర్యుడు, ముందు చేతులు చాచి నిలబడ్డ ఎవరో ఒక సీనియర్. కింద "వంజంగి" అని ఒక్క మాట. ఆ ఫోటోలో రెండు విషయాలు కనపడవు. ఒకటి చలి, రెండోది జనం. ఫ్రేముకి అవతల రెండు మూడొందల మంది దుప్పట్లు కప్పుకుని, పళ్లు టకటకలాడించుకుంటూ, అందరూ అదే ఫోటో తీస్తుంటారు.

నేను రెండు శీతాకాలాలు వరసగా అక్కడికి వెళ్లొచ్చాను. తిరిగొచ్చాక జూనియర్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఒకటే: "అన్నా, అంత చలిలో ఎలా ఉన్నారు? మేం వెళ్లినప్పుడు మబ్బులే లేవు, మీకు ఎలా దొరికాయి?" ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని వాళ్లు అనుకుంటారు. నిజానికి రెండింటి జవాబూ ఒకటే. ఆ చలి ఫోటోకి అడ్డం కాదు, ఆ ఫోటోని తయారు చేసేదే ఆ చలి. ఈ లెక్క తెలిస్తే ఏ రాత్రి బయల్దేరాలో, ఏ రాత్రి రగ్గు కప్పుకుని పడుకోవాలో ముందే కొంతవరకు చెప్పేయొచ్చు. ఈ లెక్కలో మన నూజివీడు మామిడి తోటల వాటా కూడా ఒకటుంది. అది ఆఖర్లో చెప్తాను.

ఎక్కడుందీ చలి?

వంజంగి అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు మండలంలో ఒక ఊరు. ఊరి పైనున్న కొండని అందరూ మేఘాల కొండ అంటున్నారు. మన వైపు నుంచైతే ఏలూరులో రైలెక్కి అనకాపల్లిలోనో విశాఖలోనో దిగి, చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ రోడ్డు పట్టుకుంటే పాడేరు వస్తుంది. అక్కడి నుంచి వంజంగి దగ్గరే. చివరి భాగం మాత్రం కాఫీ తోటల పక్కనుంచి, రాళ్ల దారిలో కాలినడకే. ఇంకో వైపు చింతపల్లి మండలంలో లంబసింగి ఉంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అక్కడివాళ్లు చెప్పే అర్థం. ఆంధ్రా కశ్మీర్ అని పత్రికలు రాసేది ఈ ఊరినే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. గాలిలో పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని మనం చదువుకున్నాం. నూజివీడులో జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలు ఉందనుకోండి. ఈ కొండప్రాంతం సముద్రమట్టానికి సుమారు కిలోమీటరు ఎత్తు. అంటే అక్కడ 10, 11 డిగ్రీలు ఉండాలి. కానీ లంబసింగి, చింతపల్లి వైపు ఒక్క అంకెలోకి పడిపోవడం మామూలే. సున్నా దగ్గరికి వెళ్లిన రాత్రులూ ఉన్నాయి. మన లెక్కకి మించిన ఆ చలి ఎక్కణ్నుంచి వచ్చింది? మబ్బుల సముద్రం రహస్యం అంతా ఈ తేడాలోనే ఉంది.

రాత్రంతా జరిగే పని

పగలు భూమి ఎండ వేడిని పీల్చుకుంటుంది. పొద్దు గుంకాక ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేస్తుంది. పైన మబ్బులుంటే అవి దుప్పటిలా పనిచేసి కొంత వేడిని తిరిగి కిందికి పంపిస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే అడ్డుండదు. నేల చల్లబడుతుంది, నేలని తాకుతున్న గాలి ఇంకా చల్లబడుతుంది. చల్లటి గాలి బరువు. కాబట్టి అది కొండ వాలుల మీదుగా నీళ్లలాగే కిందికి జారి లోయల్లో చేరుతుంది. తెల్లవారుజాముకి లోయ అడుగున చల్లగాలి చెరువు ఒకటి తయారవుతుంది. దాని మీద అంతకంటే వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది.

మామూలుగా పైకి వెళ్తే చల్లగా ఉండాలి కదా, ఇక్కడ తిరగబడింది. దీన్నే టెంపరేచర్ ఇన్వర్షన్ అంటారు. లోయలో ఉన్న ఊరికి మన ఆరున్నర డిగ్రీల లెక్క సరిపోకపోవడానికి కారణం ఇదే. ఆ ఊరు చల్లగాలి చెరువు అడుగున ఉంది.

ఇక మంచు. గాలి చల్లబడేకొద్దీ అది మోయగలిగే నీటి ఆవిరి తగ్గిపోతుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర "ఇక నా వల్ల కాదు" అని ఆవిరిని చిన్న చిన్న నీటి బొట్లుగా వదిలేస్తుంది. ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. లోయలోని చల్లగాలి డ్యూ పాయింట్ దాకా చల్లబడితే లోయంతా పొగమంచు. పైనున్న వెచ్చటి గాలి మూత దాన్ని పైకి లేవనివ్వదు. అందుకే ఆ మంచు పైభాగం గిన్నెలో తోడుకున్న పెరుగులా చదునుగా ఉంటుంది. మనం ఆ మూత కంటే పైన ఉన్న కొండ మీద నిలబడితే మనకది సముద్రం. కింద ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రం పది అడుగుల అవతల ఏముందో కనపడని పొగ.

మనం "మబ్బుల్లోకి వెళ్లాం" అని స్టేటస్ పెట్టుకుంటాం గానీ, ఆ దృశ్యంలో చాలాసార్లు కనపడేవి నేల మీద పుట్టిన మంచే. మబ్బులు మన దగ్గరికి దిగిరాలేదు, లోయ రాత్రంతా కూర్చుని వాటిని తయారు చేసింది.

ఏ రాత్రి బయల్దేరాలి?

ఇదంతా అర్థమైతే వాతావరణం చూసి అంచనా వేయడం కష్టం కాదు. నాలుగు చూడాలి.

మొదటిది, ఆకాశం. రాత్రి చుక్కలు స్పష్టంగా కనపడాలి. మబ్బు పట్టిన రాత్రి వెచ్చగా ఉంటుంది, మనకి హాయి, ఫోటోకి నష్టం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని వార్త వస్తే ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది.

రెండోది, గాలి. గట్టిగా వీస్తే చల్లగాలి, వెచ్చగాలి కలిసిపోతాయి, చెరువు కలకబారిపోతుంది. దాదాపు నిశ్చలంగా ఉన్న రాత్రులు కావాలి.

మూడోది, తడి. రెండు మూడు రోజుల ముందు వాన పడి, తర్వాత ఆకాశం తేటపడితే అంతకంటే మంచి అవకాశం ఉండదు. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిచి రాత్రి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ చూడండి. రెండింటి మధ్య తేడా రెండు మూడు డిగ్రీల లోపుకి వస్తుంటే మంచు పట్టే అవకాశం ఎక్కువ. తేడా పది ఉంటే చలి ఉంటుంది, మంచు ఉండదు.

నాలుగోది, రాత్రి పొడవు. మార్గశిరం, పుష్యం నెలల్లో రాత్రులు పొడవు కాబట్టి నేల చల్లబడటానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

ఈ నాలుగూ కుదిరిన రాత్రే ఒళ్లు గడ్డకట్టే రాత్రి. చలి లేని రోజు చూసుకుని హాయిగా వెళ్దాం అనుకునేవాళ్లకి మబ్బుల సముద్రం దొరక్కపోవడంలో వింతేం లేదు.

గోల్డెన్ అవర్‌లో గంట ఉండదు

యూట్యూబ్‌లో ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది యూరప్‌లోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్ల దగ్గర సూర్యుడు బాగా ఏటవాలుగా పైకి వస్తాడు. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి మన దగ్గర నిటారుగా లేస్తాడు. ఫలితం, మన దగ్గర అన్నీ త్వరగా అయిపోతాయి. సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కింద ఉన్నప్పటి నుంచి పైకి తొంగిచూసే దాకా పట్టేది సుమారు 23 నిమిషాలు. బింబం అంచు కనపడ్డాక పూర్తిగా బయటికి రావడానికి రెండున్నర నిమిషాల లోపే. ఆ తర్వాత బంగారు రంగు వెలుగు ఒక అరగంట ఉంటే గొప్ప.

ఇంకో సంగతి. అతి పొడవైన రాత్రి డిసెంబరు 21, 22 తేదీల్లో వచ్చినా, మన దగ్గర సూర్యుడు అన్నిటికంటే ఆలస్యంగా ఉదయించేది జనవరిలో. నూజివీడులో అప్పుడు సూర్యోదయం 6:40 ప్రాంతంలో. పాడేరు మనకంటే తూర్పున, భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా ఉంది. అందుకని అక్కడ ఐదారు నిమిషాలు ముందే తెల్లారుతుంది. ఐదారు నిమిషాలే కదా అనిపిస్తుంది గానీ, ఉన్నదే 23 నిమిషాలైనప్పుడు అది పెద్ద సంఖ్యే. అంటే ఆరు గంటలకల్లా కొండ మీద చోటు చూసుకుని ఉండాలి. దానికోసం నాలుగింటికి నడక మొదలుపెట్టాలి. చలి ఎక్కువగా ఉండే వేళంతా బయటే గడపాలి.

ఒంటి సంగతి

చలి అంటే థర్మామీటర్‌లో అంకె ఒక్కటే కాదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు ఉండి, కొండ మీద గంటకి 20 కి.మీ. వేగంతో గాలి వీస్తుంటే, విండ్ చిల్ సూత్రం ప్రకారం ఒంటికి తగిలేది 1 డిగ్రీ చలి. మన చర్మం చుట్టూ వెచ్చబడిన పల్చటి గాలి పొరని బయటి గాలి ఎప్పటికప్పుడు ఊడ్చేయడమే దీనికి కారణం. శిఖరం మీద గాలి చెరువు అడుగున ఉన్నంత చల్లగా లేకపోయినా ఎక్కువ వణుకు పుట్టేది ఇందుకే.

అయితే మనలాంటి కుర్రాళ్లని దెబ్బతీసేది గాలి కంటే చెమట. కొండెక్కేటప్పుడు వేడి పుడుతుంది, చెమట పడుతుంది. నూలు టీషర్టు ఆ చెమటని పీల్చుకుని తడిసిపోతుంది. గాలి కంటే నీళ్లు వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. పైకి చేరి నిలబడగానే ఒంట్లో వేడి పుట్టడం ఆగిపోతుంది, తడి చొక్కా లాగడం మాత్రం ఆగదు.

నేను రెండోసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మాతో వచ్చినవాడొకడు నూలు టీషర్టు మీద హుడీ వేసుకుని, అందరికంటే ముందు వేగంగా ఎక్కాడు. సగం దారిలో టీ కొట్టు దగ్గర మేం అందుకునేసరికి వణుకుతున్నాడు. "ఏం కాలేదురా, పదండి, సూర్యుడొచ్చేస్తాడు" అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది. హుడీ జిప్పు పట్టుకోవడానికి వేళ్లు కుదరడం లేదు. టీ కాస్తున్న అక్క వాణ్ని ఒక్కసారి చూసి, "ముందు ఆ తడి చొక్కా తీసేయ్ బాబూ, మంట దగ్గర కూర్చో. సూర్యుడు రేపూ వస్తాడు" అంది.

అప్పటికి టైము ఆరుంబావు. మా నలుగురిలో ఇద్దరు పైకి వెళ్లారు, నేనూ ఇంకొకడూ వాడి దగ్గర ఉండిపోయాం. నా బ్యాగులో ఉన్న పొడి చొక్కా, స్వెటరు వాడికి తొడిగాం. వేడి వేడి టీ, చక్కెర ఎక్కువ వేయించి రెండు గ్లాసులు తాగించాం. పైనుంచి జనం కేకలు వినిపించాయి, సూర్యుడు వచ్చాడని అర్థమైంది. ఆరు నెలలుగా అనుకుంటున్న ఫోటో ఆ కేకలతో పాటు పోయిందనే అనిపించింది. మనసు పీకలేదంటే అబద్ధం. కానీ శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే దాన్ని హైపోథెర్మియా అంటారు. వణుకు, మాట తడబడటం, వేళ్లు పట్టు తప్పడం, అడుగు తూలడం దాని తొలి గుర్తులు. ఇవి కనపడిన మనిషిని ఫోటో కోసం ఇంకా పైకి, ఇంకా గాలిలోకి తీసుకెళ్లడం కుదరదు. ఇంకా దిగజారితే వణుకు కూడా ఆగిపోతుంది. అప్పుడు తగ్గిందనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కాబట్టి నా లిస్టు ఇది. ఒంటికి తగిలే పొర నూలుది కాకుండా చెమట త్వరగా ఆరిపోయే రకం స్పోర్ట్స్ టీషర్టు. దానిమీద ఉన్ని స్వెటరు. అన్నిటికంటే పైన గాలి చొరబడని జాకెట్, లేదంటే రెయిన్‌కోటు అయినా సరే. ఎక్కేటప్పుడు స్వెటరు బ్యాగులో ఉండాలి, పైకి చేరాక ఒంటి మీదికి రావాలి. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మొహమాటం వద్దు, మన తాతలు తెలివైనవాళ్లు. జీన్స్ తడిస్తే ఆరదు. ఒక పొడి చొక్కా అదనంగా పెట్టుకోండి, మీకు అవసరం రాకపోయినా పక్కవాడికి రావచ్చు. చలికి మందు కొడితే వెచ్చగా ఉంటుందనేది భ్రమ. చర్మంలోకి రక్తం ఎక్కువ చేరి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం ఇంకా త్వరగా పోతుంది.

జనం సంగతి

మా వాడు తేరుకుని, నవ్వి, బూతులు తిట్టడం మొదలుపెట్టేసరికి ఏడవుతోంది. అక్కడున్నవాళ్లకి వాణ్ని అప్పగించి నేను పైకి బయల్దేరాను. దారంతా జనం ఎదురొస్తున్నారు. "అయిపోయింది బ్రో, ఇప్పుడెందుకు?" అన్నవాళ్లు కనీసం పది మంది. పైకి చేరేసరికి ఏడుంబావు దాటింది, కొండ సగం ఖాళీ. అప్పుడు చూశాను అసలు దృశ్యం. ఎండ తగిలిన మంచు కదలడం మొదలుపెట్టింది. చదునుగా ఉన్న సముద్రం అలలు అలలుగా లేస్తోంది, చీలికల్లోంచి సిల్వర్ ఓక్ చెట్ల కొనలు బయటపడుతున్నాయి, ఒక్కో చెట్టు వెనక ఒక్కో నీడ చార. ఆ రోజు నా ఫోన్‌లో మిగిలిన మంచి ఫోటోలన్నీ ఏడున్నరకి అటూ ఇటూ తీసినవే.

ఇది అదృష్టం అని మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఇందులోనూ లెక్క ఉంది. సూర్యోదయం అయిన క్షణానికే మంచు కరగదు. నేల వేడెక్కాలి, నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేవాలి, మూతని కింద నుంచి కదిలించాలి. దానికి గంటా రెండు గంటలు పడుతుంది. ఆ మధ్యలోనే మంచుకి ఆకారాలు వస్తాయి. జనం మాత్రం సూర్యబింబం కోసం వస్తారు, అది రాగానే సెల్ఫీ తీసుకుని టిఫిన్‌కి దిగిపోతారు. కాబట్టి గుంపుని తప్పించుకోవడానికి అందరికంటే ముందు రావడం ఒక దారి, అందరికంటే ఆలస్యంగా దిగడం ఇంకో దారి. రెండోదానికి పోటీ చాలా తక్కువ.

గుంపులో ఉండగానే పనికొచ్చేవి ఇంకొన్ని. వైడ్ లెన్స్ పెడితే ముందున్న తలలన్నీ ఫ్రేములోకి వస్తాయి. జూమ్ చేయండి, ఫోన్‌లో మూడు రెట్ల లెన్స్ ఉంటే అది వాడండి. దూరపు కొండల వరసలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి, తలలు పోతాయి. ట్రైపాడ్ కాళ్లు దారికి అడ్డంగా చాపొద్దు, చీకట్లో ఎవరైనా తట్టుకుంటే కింద లోయ ఉంది. టార్చి, ఫ్లాష్ మంచులోకి కొడితే వెలుగు బొట్లకి తగిలి వెనక్కి వచ్చి అందరి ఫోటోలూ పాడవుతాయి. చోటు లేదని అంచు దాటి రాయి మీదికి ఎక్కొద్దు. మంచు పడిన రాయి జారుతుంది.

ఒక్కసారి వెనక్కి కూడా తిరిగి చూడండి. సూర్యుడు మన వెనక, మంచు మన ముందు కింద ఉంటే, మంచు మీద పడిన మన తల నీడ చుట్టూ రంగుల వలయం కనపడే అవకాశం ఉంది. దాన్ని గ్లోరీ అంటారు. తమాషా ఏంటంటే, పక్కన వందమంది ఉన్నా ఎవరి తల చుట్టూ ఉన్న వలయం వాళ్లకే కనిపిస్తుంది.

మరొక మాట. అది మన పిక్నిక్ స్పాట్ కంటే ముందు గిరిజనుల ఊరు. ఐదో షెడ్యూలు కింద రక్షణ ఉన్న ప్రాంతం. ఆ శీతాకాలమే వాళ్లకి కాఫీ పళ్లు కోసే కాలం. మనం ఒక్క పొద్దు భరించి స్టేటస్ పెట్టుకునే చలిలో వాళ్లు మూడు నెలలు పనికి వెళ్తారు. తోటలోంచి అడ్డదారి తొక్కడం, మొహం మీద కెమెరా పెట్టి అడక్కుండా ఫోటో తీయడం, నీళ్ల సీసా అక్కడే పారేయడం, ఇవి మూడూ చేయకుండా ఉంటే చాలు. ఖాళీ సంచి ఒకటి జేబులో పెట్టుకుంటే బరువేం ఉండదు.

కెమెరా సంగతి

చలిలో బ్యాటరీ ఎందుకు పడిపోతుంది? లిథియం అయాన్ బ్యాటరీలో ఎలక్ట్రోలైట్ చల్లబడితే అయాన్ల కదలిక మందగిస్తుంది, లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎక్కువ కరెంటు లాగగానే వోల్టేజి కిందికి పడి, ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మన చలికి కొత్త ఫోన్‌కి పెద్దగా ఏం కాదు, పాత బ్యాటరీలే మొండికేస్తాయి. జేబులో వెచ్చబెడితే చాలావరకు తిరిగొస్తాయి. అందుకే ఫోన్ గానీ, అదనపు బ్యాటరీ గానీ లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

తెల్లటి మంచుని చూసి కెమెరా మోసపోతుంది. ప్రతి దృశ్యమూ సగటున బూడిద రంగులో ఉంటుందన్న లెక్కతో దాని మీటరు పనిచేస్తుంది కాబట్టి, మంచుని కూడా బూడిద రంగుకి దించేస్తుంది. ఫ్రేమంతా మంచే ఉంటే ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా పెంచాలి. ఫ్రేములో సూర్యుడు ఉంటే మాత్రం తగ్గించాలి. తెల్లగా పేలిపోయిన సూర్యుణ్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, చీకటి నీడల్ని కొంత తేగలదు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే ఉదయపు ఎరుపుని లోపం అనుకుని సరిదిద్దేస్తుంది. డేలైట్‌లో పెట్టండి.

ఆ ఎరుపు ఎందుకొస్తుందో కూడా మనకి తెలిసిందే. దిగంతం దగ్గర సూర్యకాంతి, నడినెత్తిన ఉన్నప్పటి కంటే సుమారు 38 రెట్లు గాలిని దాటి రావాలి. గాలి అణువులు ఎరుపు కంటే నీలాన్ని నాలుగు రెట్లు ఎక్కువ చెదరగొడతాయి. దారిలో నీలం రాలిపోయి మన దాకా ఎరుపు మిగులుతుంది. మంచు బొట్లు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అవి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా, అదీ ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. అందుకే సూర్యుడి వైపు చూసినప్పుడు మంచు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది.

చలిలోంచి వెచ్చటి గదిలోకో, జనం నిండిన జీపులోకో రాగానే కెమెరా బయటికి తీయొద్దు, లెన్స్ మీద తడి పడుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట ఆగండి.

ఇక మన నూజివీడు

ఇంత దూరం వెళ్లే తీరిక, డబ్బు అందరికీ ఉండవు. ఆ మాట నాకూ వర్తిస్తుంది. కానీ పైన చెప్పిన పరిస్థితులు పాడేరులోనే ఉండాలని నియమం లేదు. తేటగా ఉన్న ఆకాశం, ఆగిపోయిన గాలి, తడి నేల, పొడవాటి రాత్రి మన దగ్గరా దొరుకుతాయి. కిలోమీటరు ఎత్తు కొండలు లేవు కాబట్టి మంచు నడుము ఎత్తునో, చెట్టు ఎత్తునో పడుతుంది. చెరువు గట్టు మీద నిలబడితే మామిడి చెట్ల తలలు తెల్లటి పొర మీద ముదురాకుపచ్చ గొడుగుల్లా తేలుతుంటాయి. చలి పదిహేడు డిగ్రీలు, జనం సున్నా.

పోయిన జనవరిలో అలాంటి ఒక పొద్దున చిన్నరసాల తోట పక్కన ఫోటోలు తీస్తున్నాను. కాపలా గుడిసెలోంచి ఒక తాత దుప్పటి కప్పుకుని వచ్చాడు. అడిగి లోపలికి వెళ్దామనుకునేలోపే ఆయనే పలకరించాడు. ఫోటో చూపించాను. చూసి, "బావుందయ్యా" అన్నాడు. కాసేపాగి, "నీకు బాగా వచ్చిందంటే నాకు మందు ఖర్చు వచ్చినట్టే" అన్నాడు.

అదేంటి తాతా, చలి పడితేనే పూత బాగా వస్తుందంటారు కదా అన్నాను.

"చలి పడాలయ్యా. చలి లేకపోతే పూతే రాదు. మంచు పడకూడదు. పడిందా, పూత మాడిపోద్ది, తేనెమంచు పట్టుద్ది. చలి వేరు, మంచు వేరు."

మాఘమాసంలో మాకులు కూడా వణకాలని మన పెద్దలు అన్నారు. మామిడి విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. మామిడి కొమ్మలో కొత్త ఆకు రావాలా, పూత రావాలా అనేది తేల్చేవాటిలో రాత్రి చలి ముఖ్యమైనది. రాత్రులు చల్లబడకపోతే చెట్టు ఆకులు వేసుకుంటూ పోతుంది. కానీ పూత వచ్చాక దానికి కావాల్సింది పొడి గాలి, ఎండ. తడి, మంచు, మబ్బు కలిస్తే బూడిద తెగులు పట్టుకుంటుంది. తేనెమంచు పురుగు రసం పీల్చి జిగురు వదిలితే దాని మీద నల్లటి మసి పడుతుంది. చలికి, తడికి ఈగలు, తేనెటీగలు తిరగవు, పరాగం చేరదు, పిందె నిలవదు. ఒక వారం మంచు పడితే ఒక కుటుంబం ఏడాది లెక్క మారిపోతుంది.

ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, తాత చెప్పింది ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ మధ్య ఉన్న తేడా గురించే. ఆ తేడా పెద్దగా ఉండి చలి పడితే రైతుకి మంచి రాత్రి. ఆ తేడా మూసుకుపోతే ఫోటోగ్రాఫర్‌కి మంచి రాత్రి. ఇద్దరం ఒకే ఆకాశాన్ని చూసి చెరొకటి కోరుకుంటున్నాం. నేను కోరుకున్నంత మాత్రాన మంచు పడదు, మానదు. కానీ నాకు అందంగా కనపడిన పొద్దు పక్కవాడికి ఎలా ఉంటుందో తెలుసుకున్నాక, ఆ ఫోటో కింద "ఇలాంటి మంచు రోజూ ఉండాలి" అని రాయడానికి చెయ్యి రాలేదు. తోట పేరు, తేదీ మాత్రమే రాసి పెట్టాను.

ఈ సంక్రాంతి సెలవులకి ముందు ఒక ఆదివారం చెరువు గట్టుకి వెళ్దామనుకుంటున్నాం. శనివారం రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో రెండు అంకెలూ చూసి గ్రూపులో మెసేజ్ పెడతాను. వచ్చేవాళ్లు స్వెటరు, ఒక పొడి చొక్కా, ఒక ఖాళీ సంచి తెచ్చుకోండి. తోటలోకి అడిగే వెళ్దాం, పూత ఉన్న కొమ్మని ముట్టుకోవద్దు. సూర్యుడు వచ్చేశాక కూడా ఒక గంట ఉండే ఓపిక ఉన్నవాళ్లు మాత్రమే రండి.